చుక్కలమ్మ పగ

చుక్కలమ్మ అంటే చుక్కలు పెట్టే మనిషి అనుకుంటారు ఎవరైనా. ఆవిడ పని చుక్కలు తీసెయ్యడం. ఫొటో స్టూడియోలో పరదా వెనక, కింద నుంచి వెలుతురు వచ్చే అద్దపు బల్ల ముందు కూర్చుని, నెగటివ్‌ల మీద సన్నటి పెన్సిల్ మొనతో మొటిమలు, మచ్చలు, దోమకాట్లు ఒక్కొక్కటే మాయం చేసేది. తర్వాత ప్రింటుకి కుంచెతో రంగులద్దేది. ఒకసారి ఒక అమ్మాయి గడ్డం మీది పుట్టుమచ్చని కూడా లేపేసి, "మా పిల్లని మార్చేసి వేరే పిల్లని ఇచ్చారు" అని వాళ్లమ్మ చేత నానా తిట్లూ తింది. అప్పట్నుంచి ఏది పుట్టుకతో వచ్చింది, ఏది మధ్యలో వచ్చింది అని అడిగి మరీ చెరిపేది.

ఆ పేరు పెట్టింది స్టూడియో యజమాని. అందరికీ ఆయన పెద్దాయన, ఆవిడకి మాత్రం బాబాయి గారు. వరసకి ఏమీ కాడు. ఏళ్ల తరబడి ఒక కప్పు కింద పనిచేస్తే ఏదో ఒక వరస దానంతటదే కలుస్తుంది.

పెద్దాయన పేరంతా పసిపిల్లల ఫొటోల మీదే నిలబడింది. బల్ల మీద తెల్లటి బొచ్చు దుప్పటి పరిచి, దాని మీద పిల్లని బోర్లా పడుకోబెట్టి తీసే ఫొటో ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా గోడకి ఉంటుంది. పిల్లని సర్దే పని ఆయన ఎవరికీ వదిలేవాడు కాదు, తల్లికి కూడా. తనే ఎత్తుకుని, తనే పడుకోబెట్టి, గడ్డం కింద, పొట్ట మీద, అరికాళ్ల మీద వేళ్లతో గిలిగింతలు పెట్టి, పిల్ల కిలకిలమనగానే కెమెరా దగ్గరికి పరుగెత్తేవాడు. నవ్వు ఆగిపోతే మళ్లీ వచ్చి మళ్లీ గిలిగింతలు. "పెద్దాయన చెయ్యి పడితే నవ్వని పసిగుడ్డు లేదమ్మా, అంతా ఆ చేతి మహిమ!" అనేవారు తల్లులు. మహిమే మరి. ఆ మహిమ ఎలాంటిదో తర్వాత అందరికీ తెలిసొచ్చింది.

చుక్కలమ్మకి ఒక్కతే కూతురు, మూడేళ్ల చిట్టి. పొద్దున వీధి చివర టీచరమ్మ నడిపే పిల్లల బడికి వెళ్లేది. మధ్యాహ్నం స్టూడియోకి వచ్చి, బేరాలు లేనప్పుడు ఆ బొచ్చు దుప్పటి మీదే ముడుచుకుని పడుకునేది. నిద్ర లేచాక పెద్దాయన ఒళ్లో చేరి ఆయన కళ్లజోడు పీకేది. "ఇది నా అసిస్టెంటు" అని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పి మురిసిపోయేవాడు. ఆ ముద్దూ మురిపెం నిజమైనవే. అందుకే తర్వాత చేసింది అంతగా కాలింది చుక్కలమ్మకి.

ఆ చలికాలంలో పెద్దాయన చేతులు గోక్కోవడం మొదలుపెట్టాడు. వేళ్ల సందుల్లో దువ్వెన అంచుతో బరుక్కునేవాడు. ఎవరూ పట్టించుకోలేదు. డార్క్‌రూమ్‌లో ఫొటోలు కడిగే డెవలపర్ మందు నీళ్లలో చేతులు ముంచేవాళ్లకి చర్మం ఎండి, పగిలి, దురద పెట్టడం మామూలే. పైగా ఆ వృత్తిలో అదొక బడాయి. "చేతులు పాడవని వాడు ఫొటోగ్రాఫరే కాదు" అని పెద్దాయన తన చేతులు పైకెత్తి చూపించేవాడు. చుక్కలమ్మా నమ్మింది. కాకపోతే నడుము దగ్గర, చంకల్లో కూడా గోక్కుంటున్నాడే, అక్కడికి డెవలపర్ ఎలా ఎక్కిందబ్బా అని ఒకసారి అనుకుంది. అనుకుని ఊరుకుంది. ఆ ఊరుకున్నందుకు తర్వాత తన నెత్తి తనే మొట్టుకుంది.

కొన్నాళ్లకి చిట్టికీ మొదలైంది. వేళ్ల మధ్య, మణికట్ల మీద, బొడ్డు చుట్టూ ఎర్రటి పొక్కులు. పడుకున్నాక దురద మరీ ఎక్కువ. గోకి గోకి కొన్ని చీము పట్టాయి. అత్తగారు చూసి, "చెమటకాయలే, పౌడరు రాయి" అంది.

"చలికాలంలో చెమటకాయలేంటి అత్తయ్యా?"

"నీ కూతురు కుదురుగా ఉంటుందా? ఎగురుతుంది, చెమట పడుతుంది."

చుక్కలమ్మ మందుల కొట్టుకెళ్లి ఏదో పూత మందు తెచ్చింది. తెచ్చి ఏం చేసిందంటే, ఇంకెవరూ చెయ్యని పని చేసింది. కొత్త కుంచె ఒకటి వేడినీళ్లలో కడిగి, చిట్టిని దీపం ముందు నిలబెట్టి, పొక్కు పొక్కుకీ కుంచె మొనతో మందు అద్దింది. పక్క చర్మానికి ఒక్క బొట్టు అంటితే ఒట్టు. చేతిలో పని అలాంటిది మరి. అద్దినవన్నీ చూసుకుని, వీటి పని అయిపోయిందని నడుం వాల్చింది. తెల్లారేసరికి పక్కన కొత్తవి. వాటికీ అద్దింది. ఇంకో పక్కన ఇంకొన్ని. ఫొటోలో చుక్క చెరిపితే పక్కన ఇంకోటి మొలవదు. ఒంటి మీద మొలుస్తుంది. ఆ తేడా ఆవిడకి తట్టలేదు.

ఆ సమయంలోనే టీచరమ్మ స్టూడియోకి వచ్చింది, చంకలో ఏడాది పాపతో, కళ్లలో నిప్పులతో. స్టూడియోలో అప్పటికే ఫొటోల కోసం నలుగురు తల్లులు పిల్లల్ని ముస్తాబు చేసుకుంటూ కూర్చున్నారు.

"పెద్దాయనా, మీ దగ్గర ఫొటో తీయించుకుని వెళ్లాకే మా పాపకి ఇలా అయింది. అరిచేతులు, అరికాళ్లు, చివరికి తల మీద కూడా. డాక్టరమ్మ గజ్జి అంది. మా ఇంట్లో ఎవరికీ లేదు. ఎక్కడిది ఇది?"

పరదా వెనక చుక్కలమ్మ పెన్సిల్ ఆపి విన్నది. బాబాయి గారు ఏం చెబుతారా అని. బాబాయి గారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వచ్చి పరదా పక్కకి లాగాడు. అక్కడ చిట్టి తల్లి కాళ్ల దగ్గర కూర్చుని మణికట్టు గోక్కుంటోంది.

"ఇదిగో ఇక్కడిది. నేనేం చెయ్యనమ్మా? పనిచేసే మనిషి పిల్లని కూడా వెంటేసుకొస్తుంది. ఆ పిల్ల ఆ దుప్పటి మీదే పడుకుంటుంది. వద్దంటే బాధపడుతుందని మొహమాటానికి ఊరుకున్నాను."

నలుగురు తల్లులూ ఒక్కసారి పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. టీచరమ్మ చిట్టిని చూసి, చుక్కలమ్మని చూసి, "తెలిసీ పంపావా మా బడికి? రేపటి నుంచి పంపకు" అని వెళ్లిపోయింది. చుక్కలమ్మ చిట్టిని ఒళ్లోకి లాక్కుంది. తప్పు తనదేనేమో అనుకుంది కూడా. అప్పుడు ఆవిడ గమనించిన సంగతి ఒక్కటే. ఎన్నడూ లేంది పెద్దాయన ఒంటి నిండా సెంటు కుమ్మరించుకుని ఉన్నాడు, ఆ సెంటు కింద నుంచి ఇంకేదో ఘాటు వాసన. ఈ వయసులో ఈ షోకేంటో అనుకుంది.

మర్నాడే చిట్టిని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ పిల్ల ఒళ్లంతా చూసి, పూసిన మందు గురించి అడిగి, పూసిన తీరు విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదేమన్నా ఫొటోనా అమ్మా, చుక్కచుక్కకీ అద్దడానికి? ఆ పురుగు కంటికి కనబడదు, పొక్కు లేని చోట కూడా చర్మం కింద దూరి ఉంటుంది. గోడకి సున్నం వేసినట్టు వెయ్యాలి. మెడ దగ్గర్నుంచి అరికాలి దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డు, ఏదీ వదలకూడదు. పాకే పిల్లలైతే తలకీ ముఖానికీ కూడా, కళ్లూ నోరూ తప్పించి. ఇంట్లో ఉన్నవాళ్లంతా ఒకే రోజు మొదలుపెట్టి, నేను చెప్పిన రోజుల పాటు పూసుకోవాలి. దురద ఉన్నా లేకపోయినా. బట్టలు, దుప్పట్లు మరిగే నీళ్లలో వేసి మండే ఎండలో ఆరెయ్యి. చీము పట్టిన వాటికి వేరే మందు రాస్తాను, మధ్యలో ఆపకు. పురుగు చచ్చాక కూడా కొన్నాళ్లు దురద ఉంటుంది, తగ్గలేదని మళ్లీ మళ్లీ పుయ్యకు."

"డెవలపర్ నీళ్లకి కూడా ఇలా వస్తుందా డాక్టరమ్మా?"

"తగిలిన చోట మంట పుట్టొచ్చు. నడుముకి పాకదు, ఇంకొకళ్లకి అంటుకోదు."

ఇంటికొచ్చి సీసా మూత తిప్పింది చుక్కలమ్మ. గంధకం మందు. గుప్పుమని అగ్గిపుల్లలు కాల్చినట్టు వాసన. మూత చేతిలో అలాగే ఉండిపోయింది. ఆ వాసన ఆవిడకి కొత్త కాదు. పరదా లాగిన రోజున, ఆ సెంటు కింద నుంచి వచ్చింది ఇదే వాసన.

అంటే ఆయనకి ముందే తెలుసు. తనకి గజ్జి అని తెలుసు, మందు పూసుకుంటున్నాడు, పూసుకుని దాని మీద సెంటు కొట్టుకుని వచ్చి, ఆ చేత్తోనే పరదా లాగి మూడేళ్ల పిల్లని నలుగురికీ చూపించాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. ఈ దొంగ తన భుజాలు వదిలేసి పసిపిల్ల భుజాలు తడిమాడు. చుక్కలమ్మ కడుపు భగ్గుమంది. ఆ మంటకి ఏ సీసాలోనూ మందు లేదు.

ముందు ఇంటి సంగతి చూసుకుంది. మొగుడికి పూసింది, తను పూసుకుంది. అత్తగారే ఒక పట్టాన లొంగలేదు.

"నాకేం లేదే! నాకెందుకే ఈ కంపు?"

"మీకు లేకపోయినా పుయ్యాలంట అత్తయ్యా."

"లేని రోగానికి మందేంటే, విడ్డూరం కాకపోతే" అంటూనే కాళ్లు చాపింది ఆవిడ.

చిట్టికి తగ్గింది. పొక్కులు ఎండి, రాలి, చర్మం నున్నబడింది. ఒంటి మీద తగ్గింది కానీ వీధిలో తగ్గలేదు. పెద్దాయన మాట అప్పటికే ఇల్లిల్లూ తిరిగి వచ్చింది. పిల్లలు చిట్టిని "గజ్జిపిల్ల" అని పిలవడం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం వాళ్ల బంతి దొర్లుకుంటూ ఇంటి ముందుకొచ్చింది. చిట్టి సంబరంగా పరుగెత్తి, తీసి, అందించబోయింది. ఎవరూ అందుకోలేదు. చూసి చూసి, ఆ బంతి అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. చిట్టి బంతిని గుమ్మంలో పెట్టి దాని పక్కన కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది తల్లికి.

చుక్కలమ్మ టీచరమ్మ దగ్గరికెళ్లి ఉన్నదంతా చెప్పింది. టీచరమ్మ నమ్మలేదు. "ఆయన చేతులు డెవలపర్ వల్ల అలా అయ్యాయని అందరికీ తెలుసు. ఒకరి తప్పు ఇంకొకరి మీదకి తొయ్యడం బాగుండదు" అంది. ఆ మాట నిజమే, చెప్పవలసిన మనిషికి చెప్పలేదంతే.

"పని మానెయ్" అన్నాడు మొగుడు.

"మానేస్తే ఎలా? పగ తీర్చుకోవాలంటే రోజూ వెళ్లాలి కదా" అంది చుక్కలమ్మ. నవ్వులాటకి అనలేదు. ఆయన నోటితోనే, ఆ తల్లుల ఎదుటే, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పించాలి. అంతకు తక్కువైతే ఒప్పుకోకూడదు. అలా అనుకుని, ముఖం మీద ఏమీ తెలియనివ్వకుండా మళ్లీ అద్దపు బల్ల ముందు కూర్చుంది.

మొదటి వాయిదా బొచ్చు దుప్పటితో కట్టించింది. "దుప్పటి ఉడకబెట్టాలి బాబాయి గారూ" అంది.

"అది ఉడకబెడితే ఏం మిగుల్తుందే! ఎక్కడెక్కడో వెతికి తెచ్చుకున్నాను."

"మా చిట్టి పడుకుందిగా. దాని గజ్జి అందులో ఉండిపోతే ఎలా? మళ్లీ ఏ పాపకో అంటితే?"

పెద్దాయన దుప్పటి మడిచి ఆవిడ చేతిలో పెట్టాడు. కాదనాలంటే తన అబద్ధాన్ని తనే కాదనాలి. చుక్కలమ్మ పెరట్లో పెద్ద గిన్నె పెట్టి దుప్పటిని శ్రద్ధగా ఉడికించింది. బయటికి తీసేసరికి అది తడిసిన పిల్లిలా ముద్దకట్టి, చేతిలో పట్టేంత అయిపోయింది. దాన్ని చూసి పెద్దాయన కళ్లు చెమర్చాయి. చుక్కలమ్మకి హాయిగా ఉంది. ఉండకూడదని ఎవరైనా అంటే వాళ్లకి పిల్లలు లేరన్నమాట.

అసలు అవకాశం తర్వాత వచ్చింది. ఫొటోగ్రాఫర్ల సంఘం పెద్దాయనకి సన్మానం తలపెట్టింది. శిష్యుడొకడు వచ్చి ఆయన ఫొటో తీశాడు. పాత కెమెరా పక్కన కుర్చీలో కూర్చుని, దాని మీద రెండు చేతులూ వేళ్లు విడదీసి ఆనించి, జమీందారులా చూస్తున్నాడు. దాన్ని నిలువెత్తు చేసి, రంగులద్ది, ముందు స్టూడియో షోకేస్‌లో పెట్టి, తర్వాత సభకి తీసుకెళ్లాలి. అంత పెద్ద చెయ్యడంతో వేళ్ల సందుల్లో ఎండిన పొక్కులు, గోకిన గీతలు కొట్టొచ్చినట్టు కనబడ్డాయి.

"అమ్మాయ్, చేతులు కాస్త చూడు. డెవలపర్ మచ్చలు" అన్నాడు పెద్దాయన.

"అలాగే బాబాయి గారూ."

అంత ప్రేమగా ఆవిడ ఏ ఫొటోకీ పనిచేసి ఉండదు. కళ్ల కింద సంచులు తీసింది. బుగ్గలకి రంగిచ్చింది. నెరిసిన మీసానికి నలుపిచ్చింది. ముఖం చూస్తే పెద్దాయన పెళ్లికొడుకే. తర్వాత చేతుల దగ్గరికొచ్చింది. భూతద్దం పెట్టుకుని ప్రతి పొక్కునీ వెతికి, ప్రతి దానికీ ఎరుపద్దింది, ఎక్కడ ఎంత ఎర్రగా ఉంటుందో తన కూతురి ఒంటి మీద చూసిందిగా. ఇంకో నాలుగు ఎక్కువ పెట్టాలని చెయ్యి లాగింది. పెట్టలేదు. అబద్ధం ఆయన సొత్తు, దాని జోలికి పోదలుచుకోలేదు.

సన్మానం రోజున పొద్దునే స్టూడియో తలుపు తీసి, ఫొటోని షోకేస్‌లో వీధి వైపుకి పెట్టి, షోకేస్‌కి తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుంది. పిల్లల్ని బడికి తీసుకెళ్లే తల్లులంతా ఆ దారినే వెళ్లాలి. ముందు ఒకావిడ ఆగింది. ఆమెని చూసి ఇంకొకావిడ ఆగింది. పాపని ఎత్తుకుని వస్తున్న టీచరమ్మ, గుంపేమిటా అని దగ్గరికొచ్చి అద్దానికి ముఖం ఆనించి చూసింది.

"ఈ చేతులు..." అంది. "మా పాప చేతుల మీద వచ్చినవీ అచ్చం ఇవే కదా!"

చుక్కలమ్మ గుమ్మంలోకి వచ్చి గంధకం సీసా మూత తీసి ఆమె ముందు పెట్టింది. "మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది ఇది. మీరు పోట్లాటకి వచ్చిన రోజు, బాబాయి గారి సెంటు కింద నుంచి వచ్చిన వాసన ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి."

టీచరమ్మ వాసన చూసింది. ఆమె ముఖం మారింది. సరిగ్గా అప్పుడే పెద్దాయన కొత్త చొక్కా చేతుల గుండీలు మణికట్టు దాకా పెట్టుకుని, నవ్వుకుంటూ వచ్చాడు. ఫొటో చూడగానే నవ్వు జారిపోయింది.

"అమ్మాయ్! ఏంటిది? తీసెయ్ ముందు!"

"ఎందుకు బాబాయి గారూ? డెవలపర్ మచ్చలేగా? మన వృత్తికి గౌరవం అన్నారుగా మీరే."

"తాళంచెవి ఇటివ్వు."

"నేను ఒక్కటీ కొత్తగా పెట్టలేదు. ఉన్నవి తియ్యలేదంతే. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో వీళ్లకి చెప్పండి, తీసేస్తాను."

పెద్దాయన చుట్టూ చూశాడు. ఆయన చేతుల్లో నవ్విన పిల్లల తల్లులే అందరూ. "నా దగ్గర్నుంచే అయ్యుంటుంది" అని గొణిగాడు.

"అయ్యుంటుంది వద్దు. నా కూతుర్ని చూపించినప్పుడు గొంతు బాగానే లేచిందిగా. అంత గట్టిగా చెప్పండి."

"నాకే ముందొచ్చింది!" అన్నాడు పెద్దాయన. "డాక్టరు చెప్పాడు గజ్జి అని. తగ్గేదాకా పిల్లల్ని ముట్టుకోవద్దన్నాడు. మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతారు, ఇంకెవరూ రారు. అందుకని చెప్పలేదు. ఆ చిట్టి నా ఒళ్లో కూర్చునేది... నా నుంచే దానికి అంటింది."

చుక్కలమ్మకి జాలి వేసిందా? వేసింది, ఒక్క రెప్పపాటు. వెంటనే గుమ్మంలో బంతి పక్కన కూర్చున్న పిల్ల కళ్లముందు మెదిలింది. జాలి వచ్చిన దారినే పోయింది.

మాట ప్రకారం ఫొటో తీసేసింది. అప్పటికప్పుడు కూర్చుని చేతులకి చర్మం రంగేసి సభకి పంపింది కూడా. టీచరమ్మ ఆ రోజే ఇంటికొచ్చి చిట్టిని చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లింది. దాన్ని ఎవరూ ఏమీ అనకూడదని పిల్లలందరికీ గట్టిగా చెప్పింది. పెద్దాయన చుక్కలమ్మని పనిలోంచి తీసెయ్యలేదు. తీసేస్తే ఎందుకు తీసేశాడో వీధికి చెప్పుకోవాలి. పైగా అలాంటి చెయ్యి ఇంకోటి దొరకదు.

కథని ఇక్కడ ఆపి, ఆవిడ పెద్దమనసుతో క్షమించేసిందని చెబితే వినడానికి బాగుంటుంది. క్షమించలేదు.

ఇప్పటికీ ఏ తల్లి పసిబిడ్డతో ఆ స్టూడియోకి వచ్చినా, పెద్దాయన బిడ్డ వైపు అడుగెయ్యగానే పరదా కదులుతుంది. చుక్కలమ్మ భూతద్దం పట్టుకుని బయటికి వస్తుంది.

"బాబాయి గారూ, ముందు చేతులు."

పెద్దాయన చేతులు చాపుతాడు. ఆవిడ వేలి వేలికీ మధ్య, తల్లి చూస్తుండగా, తీరిగ్గా చూస్తుంది. అరచేతులు తిప్పమంటుంది. చొక్కా చేతులు పైకి మడవమంటుంది. ఆయనకి పూర్తిగా నయమై చాలాకాలమైంది, చర్మం ఆవిడ రంగేసిన ఫొటోలో లాగే శుభ్రంగా ఉంది. అయినా ఒక్క బిడ్డకీ ఈ తతంగం తప్పించలేదు.

ఒకరోజు ఆయన ఉండబట్టలేక అడిగాడు. "ఇంకా ఎన్నాళ్లమ్మాయ్? నాకు ఎప్పుడో తగ్గిపోయింది కదా."

"మీకు తగ్గింది బాబాయి గారూ. మా చిట్టిని నిన్న కూడా ఆ పేరుతోనే పిలిచారు వీధిలో. అది తగ్గిన రోజు మానేస్తాను" అంది చుక్కలమ్మ. "వేళ్లు ఇంకాస్త విడదీయండి."

ఆయన విడదీశాడు.